భద్రాచలం రోడ్ దాకా వచ్చి ఆగిన రైలు

ప్రపంచంలో ఏ మహిళా ఫుట్‌బాల్ లీగ్ గొప్పది? ఈ ప్రశ్న వేసిన ప్రతిచోటా మూడు జవాబులు సిద్ధంగా ఉంటాయి. ఇంగ్లండ్ డబ్ల్యూఎస్ఎల్ అని కొందరు, అమెరికా ఎన్‌డబ్ల్యూఎస్ఎల్ అని కొందరు, బార్సిలోనా ఆడే స్పెయిన్ లీగా ఎఫ్ అని మరికొందరు. లియాన్ పేరు ఎత్తే పాతకాపులు కూడా ఉంటారు. వాదన గంటసేపు నడుస్తుంది, ఎవరూ ఎవరి మాటా ఒప్పుకోరు. నాకు ఆసక్తి కలిగించింది జవాబు కన్నా కొలబద్ద. లీగ్‌ని దేనితో కొలుస్తున్నాం? ఆ కొలబద్దని పట్టుకుని ఖమ్మం, భద్రాచలం అడవి అంచున నిలబడితే ఏం కనిపిస్తుంది?

ముందు లెక్క సంగతి. చదరంగం తెలిసినవాళ్లకి ఎలో రేటింగ్ తెలుసు. కోనేరు హంపికో, ద్రోణవల్లి హారికకో ఉండే ఆ నాలుగంకెల సంఖ్య అదే. గట్టివాళ్లని ఓడిస్తే ఎక్కువ పాయింట్లు, తేలికవాళ్లని ఓడిస్తే తక్కువ. ఫిఫా మహిళల ర్యాంకింగ్ 2003లో మొదలైనప్పటి నుంచీ ఈ పద్ధతి మీదే నడుస్తోంది. ఇందులో ఒక షరతు ఉంది. రెండు గుంపుల వాళ్లు ఎప్పుడూ ఒకరితో ఒకరు ఆడకపోతే, ఆ రెండు గుంపుల రేటింగులని పోల్చడానికి అర్థం ఉండదు. ఒక ఊళ్లో అందరూ బలహీనులే అయినా, వాళ్లలో వాళ్లు ఆడుకుంటే ఎవడో ఒకడు పైన తేలతాడు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే అవి ఒకే గ్రాఫ్ కాదు, విడివిడి ద్వీపాలు. మధ్యలో గీతలు కావాలి. లీగుల మధ్య ఆ గీతలు గీసేవి ఖండాంతర పోటీలు.

యూరప్‌లో ఈ గీతలు 2001-02 నుంచీ ఉన్నాయి. అప్పట్లో యుయెఫా విమెన్స్ కప్, ఇప్పుడు ఛాంపియన్స్ లీగ్. లియాన్ ఆ కప్పుని ఎనిమిది సార్లు గెలిచింది, అందులో 2016 నుంచి 2020 దాకా వరసగా ఐదు. 2022 ఏప్రిల్‌లో కాంప్ నౌలో బార్సిలోనా, వోల్ఫ్స్‌బర్గ్ సెమీఫైనల్‌కి 91,648 మంది వచ్చారు. 2025 ఫైనల్లో ఆర్సెనల్ 1-0తో బార్సిలోనాని ఓడించింది. కాబట్టి యూరప్ లీగుల మధ్య పోలికకి కొంత ఆధారం ఉంది. అమెరికా చాలాకాలం ద్వీపమే. ఉత్తర అమెరికా, మధ్య అమెరికా క్లబ్బులకి కాంకకాఫ్ మహిళా పోటీ 2024లో గానీ మొదలుకాలేదు. ఆసియా మహిళా ఛాంపియన్స్ లీగ్ కూడా 2024-25లోనే వచ్చింది. అందుకే ‘ఎన్‌డబ్ల్యూఎస్ఎల్ గొప్పదా, డబ్ల్యూఎస్ఎల్ గొప్పదా’ అని కొట్టుకునేవాళ్లిద్దరూ నిజానికి లెక్కతో కాదు, అభిమానంతో మాట్లాడుతున్నారు.

ఆసియాలో గీత పడగానే మనకేం తెలిసిందో చూడండి. 2024 అక్టోబర్‌లో ఇండియన్ విమెన్స్ లీగ్ ఛాంపియన్ ఒడిశా ఎఫ్‌సీ, జపాన్ క్లబ్ ఉరావా రెడ్ డైమండ్స్ చేతిలో 0-17తో ఓడింది. పదిహేడు. ఏడాది తర్వాత, 2025 నవంబర్‌లో, కొత్త ఛాంపియన్ ఈస్ట్ బెంగాల్ చైనాలోని వుహాన్‌లో ఇరాన్ క్లబ్ బామ్ ఖాతూన్‌ని 3-1తో ఓడించింది. ఈ రెండు స్కోర్లూ మన లీగ్ గురించినవే. మొదటిది చూసి సిగ్గుపడ్డవాళ్లూ, రెండోది చూసి ఛాతీ విరిచినవాళ్లూ ఉన్నారు. ఆటంటే స్కోరే కాబట్టి తప్పులేదు. కానీ ఛాంపియన్ ఎంత గట్టిదో చెబితే లీగ్ ఎంత గట్టిదో చెప్పినట్టేనా?

లియాన్ 2007 నుంచి 2020 దాకా ఫ్రాన్స్ లీగ్‌ని వరసగా 14 సార్లు గెలిచింది. చెల్సీ 2020 నుంచి 2025 దాకా ఇంగ్లండ్‌లో వరసగా ఆరుసార్లు గెలిచింది. జర్మనీలో 2013 నుంచి వోల్ఫ్స్‌బర్గ్, బయర్న్ తప్ప ఇంకెవరూ టైటిల్ ముట్టుకోలేదు. శిఖరం చాలా ఎత్తుగా ఉంది, కింద లోయ కూడా అంతే లోతుగా ఉంది. ఎన్‌డబ్ల్యూఎస్ఎల్‌లో జీతాల మీద పరిమితి ఉండటంతో ఏ ఒక్క జట్టూ అలా పాతుకుపోలేదు. అక్కడ అడుగున ఉన్న జట్టు పైన ఉన్న జట్టుని ఓడిస్తే అది వార్త కాదు. లియాన్ ఆడే పది పాసుల అందం అమెరికాలో దొరక్కపోవచ్చు. ఫ్రాన్స్ లీగ్‌లో పదో జట్టు అమ్మాయికి ఎంత జీతం, ఎలాంటి గ్రౌండ్, ఎలాంటి డాక్టర్ అని అడిగితే మాత్రం పోలిక తిరగబడుతుంది. కాబట్టి శిఖరం ఒక కొలత, నేల ఒక కొలత. నా మొగ్గు నేల వైపే. ఎందుకో తెలియాలంటే కొంచెం చరిత్రలోకి, అందులోనూ బొగ్గులోకి దిగాలి.

* * *

మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండ్ మగవాళ్లు యుద్ధానికి వెళితే ఆడవాళ్లు ఆయుధ కర్మాగారాల్లోకి వచ్చారు. ప్రెస్టన్ పట్నంలో డిక్, కెర్ అనే కంపెనీ కార్మికురాళ్లు 1917లో జట్టు కట్టారు. ఆ క్రిస్మస్ నాడు ఆడిన మ్యాచ్‌కి పదివేల మంది వచ్చారు. 1920 డిసెంబర్ 26న లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్క్‌లో వాళ్ల ఆట చూడటానికి 53,000 మంది వచ్చారు, చోటు చాలక బయట ఇంకా వేలమంది మిగిలారు. టికెట్ డబ్బులు గాయపడ్డ సైనికులకి, ఆసుపత్రులకి పోయేవి. 1921లో బొగ్గు గనుల యజమానులు జీతాలు కోసి, ఒప్పుకోని కార్మికులని గేటు బయట నిలబెట్టారు. అప్పుడు మహిళా జట్లు గని కార్మికుల కుటుంబాల కోసం మ్యాచులు ఆడి చందాలు పోగుచేశాయి. అదే ఏడాది డిసెంబర్ 5న ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం తన సభ్య క్లబ్బుల గ్రౌండ్లలో మహిళల ఆటని నిషేధించింది. ఆట ఆడవాళ్ల ఒంటికి సరిపడదు, వసూళ్ల లెక్కలు సరిగ్గా లేవు అని రెండు కారణాలు చెప్పింది. ఆ నిషేధం తొలగడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది. జర్మనీ 1955లో నిషేధించి 1970లో ఎత్తేసింది. బ్రెజిల్ 1941లో పెట్టిన నిషేధం 1979 దాకా ఉంది.

ఇప్పుడు మన బొగ్గు సంగతి. ఇల్లందు దగ్గర సింగరేణి గ్రామం పేరే ఇవాళ ఆ మొత్తం కంపెనీ పేరు. 1886లో దక్కన్ కంపెనీ ఏర్పడింది, 1889లో ఇల్లందులో బొగ్గు తవ్వకం మొదలైంది, 1920లో సింగరేణి కాలరీస్ అనే పేరొచ్చింది. తర్వాత కొత్తగూడెం, మణుగూరు. మా వైపు ‘బాయి పని’ అంటే నీళ్ల బావి పని కాదు, బొగ్గు గని పని.

గనుల్లో ఆడవాళ్ల చరిత్ర చూస్తే ఇంగ్లండ్ మైదానం కథ మళ్లీ కనపడుతుంది. బ్రిటిష్ ఇండియాలో 1929 నుంచి ఆడవాళ్లని భూగర్భ గనుల నుంచి దశలవారీగా తప్పిస్తూ వచ్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో బొగ్గు కరువైంది. 1943లో బెంగాల్, బీహార్ లాంటి చోట్ల నిషేధం పక్కనపెట్టి ఆడవాళ్లని మళ్లీ గనుల్లోకి దింపారు. యుద్ధం అయిపోయింది, 1946లో మళ్లీ బయటికి పంపేశారు. స్వతంత్ర భారతంలో 1952 గనుల చట్టం 46వ సెక్షన్ ఆ నిషేధాన్ని అలాగే ఉంచింది. భూగర్భంలోకి దిగడానికి ఆడవాళ్లకి షరతులతో అనుమతి వచ్చింది 2019లో.

అవసరం పడ్డప్పుడు రమ్మనడం, అవసరం తీరాక ‘మీ మంచికే’ అని పంపేయడం. ప్రెస్టన్‌లో జరిగిందీ, ఝరియాలో జరిగిందీ ఒకే పని. గనిలో పని ప్రమాదకరం అన్న మాట అబద్ధమేమీ కాదు. మగవాళ్లకి కూడా అది ప్రమాదకరమే. కానీ ప్రమాదాన్ని తగ్గించే బదులు మనుషుల్ని తగ్గించారు. ఫుట్‌బాల్‌లోనూ అంతే. ఇవాళ మహిళా లీగులని మగవాళ్ల లీగులతో పోల్చి ‘వేగం లేదు, జనం లేరు’ అనేవాళ్లు ఈ యాభై ఏళ్ల లెక్క కలపరు. ఏ క్లబ్‌కైనా తాతల నాటి అభిమానులు ఉంటారు. ఆడవాళ్ల జట్లకి ఆ తాతలు ఉండాల్సిన కాలంలో గ్రౌండు తాళం వేసి ఉంది.

* * *

తాళం తీశాక ఒక్కో దేశం ఒక్కో దారి పట్టింది. లీగుల నాణ్యతలో ఇవాళ కనిపించే తేడాలకి మూలం ఆ దారుల్లోనే ఉంది.

అమెరికాది కాలేజీ దారి. 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టం, ప్రభుత్వ సొమ్ము తీసుకునే విద్యాసంస్థల్లో ఆడా మగా వివక్ష కూడదంది. దాంతో కాలేజీలు అమ్మాయిలకి జట్లు పెట్టాల్సి వచ్చింది, స్కాలర్‌షిప్పులు ఇవ్వాల్సి వచ్చింది. 1999 ప్రపంచ కప్ ఫైనల్‌కి రోజ్ బౌల్‌లో 90,185 మంది కూర్చున్నారు. ఆ ఊపులో 2001లో డబ్ల్యూయూఎస్ఏ అనే పూర్తి ప్రొఫెషనల్ లీగ్ మొదలైంది. ఐదేళ్లకి అనుకున్న డబ్బు మొదటి ఏడే ఖర్చయిపోయింది. 2003 సెప్టెంబర్‌లో, మరో ప్రపంచ కప్‌కి రోజుల ముందు, మూతపడింది. 2009లో వచ్చిన డబ్ల్యూపీఎస్ మూడు సీజన్లే ఆడి 2012లో పోయింది. మూడో ప్రయత్నం ఎన్‌డబ్ల్యూఎస్ఎల్, 2013లో ఎనిమిది జట్లతో. ఈసారి అమెరికా, కెనడా, మెక్సికో సంఘాలు తమ జాతీయ క్రీడాకారిణుల జీతాలు తామే భరించాయి. మొదట్లో మిగతా అమ్మాయిల జీతాలు దారుణంగా తక్కువ, అయినా లీగ్ బతికింది. 2025కి జట్లు 14 అయ్యాయి. రెండుసార్లు చచ్చిన లీగ్ మూడోసారి ఎలా లేచిందంటే, పైన లీగ్ కూలినా కింద కాలేజీ జట్లు కూలలేదు. ఏటా వందల మంది ఆట నేర్చుకుని బయటికి వస్తూనే ఉన్నారు.

ఆ దేశానిదే ఇంకో సంగతి కూడా చెప్పాలి. 2022లో బయటికొచ్చిన యేట్స్ నివేదిక, ఆ లీగ్‌లో కోచ్‌ల వేధింపులు ఏళ్ల తరబడి ఎలా కప్పిపుచ్చారో వివరంగా చెప్పింది. ఆటలో అగ్రస్థానం, భద్రతలో అధోగతి. కూతుర్ని హాస్టల్‌కి పంపే తల్లి అడిగే మొదటి ప్రశ్న ‘పిల్ల క్షేమంగా ఉంటుందా’ అనే. లీగులకి పవర్ ర్యాంకింగులు ఇచ్చే కంప్యూటర్ ప్రోగ్రాముల్లో ఆ ప్రశ్నకి ఒక కాలమ్ లేదు.

యూరప్‌ది మగవాళ్ల క్లబ్ దారి. ఆర్సెనల్, చెల్సీ, బార్సిలోనా, బయర్న్ తమ గ్రౌండ్లు, డాక్టర్లు, జెర్సీ అభిమానం మహిళా జట్లకి అందించాయి. ఇంగ్లండ్ డబ్ల్యూఎస్ఎల్ 2011లో మొదలై 2018లో పూర్తి ప్రొఫెషనల్ అయింది. ఇందులో లాభం వేగం. నష్టం ఏంటంటే పెద్దక్లబ్ ఇష్టం మీద ఆధారపడటం. స్పెయిన్‌లో 2023 సెప్టెంబర్‌లో, ప్రపంచ కప్ గెలిచిన కొద్ది వారాలకే, క్రీడాకారిణులు కనీస వేతనం కోసం లీగ్ మొదటి వారం సమ్మె చేశారు. 21,000 యూరోలకి ఒప్పందం కుదిరింది, తర్వాతి సీజన్లలో పెంచే షరతుతో. ప్రపంచ విజేతల లీగ్‌లో అడుగున ఉన్న అమ్మాయి సంపాదన అది, మన డబ్బుల్లో ఏడాదికి సుమారు 19 లక్షలు.

జపాన్‌ది కంపెనీ దారి, మా ప్రాంతానికి దగ్గరగా అనిపించేది ఇదే. అక్కడ మహిళా లీగ్ 1989లోనే మొదలైంది. కంపెనీలు జట్లు పెట్టేవి, అమ్మాయిలు పగలు ఆఫీసులో పనిచేసి సాయంత్రం ఆడేవాళ్లు. టోక్యో ఎలక్ట్రిక్ కంపెనీకి ఫుకుషిమాలో మారిజే అనే జట్టు ఉండేది. ఆ జట్టుకి ఆడిన కరీనా మరుయామా ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రంలో ఉద్యోగం కూడా చేసింది. 2011 మార్చిలో సునామీ, అణు ప్రమాదం. జట్టు ఆగిపోయింది. ఆ జూలైలో జర్మనీలో జరిగిన ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్లో ఆతిథ్య జట్టు మీద అదనపు సమయంలో ఏకైక గోల్ కొట్టింది మరుయామానే. ఎనిమిది రోజులకి జపాన్ అమెరికాని పెనాల్టీల్లో ఓడించి కప్పు ఎత్తింది. పూర్తి ప్రొఫెషనల్ డబ్ల్యూఈ లీగ్ ఆ దేశానికి 2021లో గానీ రాలేదు. అంటే ప్రపంచ కప్ గెలిచేనాటికి వాళ్లకి గొప్ప లీగ్ లేదు. ఇరవై రెండేళ్లుగా ఆగకుండా నడుస్తున్న మామూలు లీగ్ ఉంది.

కొత్తగూడెంలో బొగ్గు, పాల్వంచలో థర్మల్ కేంద్రం, సారపాకలో పేపర్ మిల్లు. నలభై కిలోమీటర్ల దూరంలో మూడు పెద్ద పరిశ్రమలు, వాటి క్వార్టర్లు, కొత్తగూడెం ప్రకాశం స్టేడియం లాంటి మైదానాలు. జపాన్ పద్ధతికి ఇంతకన్నా అనువైన చోటు తెలుగు నేల మీద తక్కువే.

* * *

మన దేశంలో మహిళా ఫుట్‌బాల్ సంఘం 1975లో ఏర్పడింది. 1980లో కోళికోడ్‌లో, 1983లో బ్యాంకాక్‌లో జరిగిన ఆసియా పోటీల్లో మనవాళ్లు రన్నరప్. ఆ తర్వాత అఖిల భారత సంఘం పగ్గాలు తీసుకుంది, 1991లో జాతీయ ఛాంపియన్‌షిప్ మొదలైంది, మణిపూర్ దాన్ని దాదాపు సొంతం చేసుకుంది. ఇండియన్ విమెన్స్ లీగ్ 2016-17లో వచ్చింది. మొదటి ఫైనల్ రౌండ్‌లో ఆరు జట్లు, ఒకే ఊళ్లో, ఇరవై రోజుల్లోపే అంతా అయిపోయింది. తర్వాత షిల్లాంగ్, లుధియానా, బెంగళూరు, భువనేశ్వర్, అహ్మదాబాద్ ఇలా ఏటా ఒక ఊళ్లో జాతరలాగా నడిచింది. సొంత గ్రౌండులో, ఎదుటివాళ్ల గ్రౌండులో ఆడే అసలైన లీగ్ పద్ధతి 2023-24లో గానీ రాలేదు. 2024-25లో ఎనిమిది జట్లు, ఒక్కో జట్టుకి 14 మ్యాచులు.

ఆ మధ్యలో జరిగిన ఒక సంఘటన మర్చిపోకూడదు. 2022 ఆగస్టులో గోకులం కేరళ అమ్మాయిలు ఆసియా క్లబ్ పోటీ కోసం తాష్కెంట్ చేరారు. అదే సమయంలో పాలకవర్గం గొడవల వల్ల ఫిఫా మన సంఘాన్ని సస్పెండ్ చేసింది. పదకొండు రోజులకి సస్పెన్షన్ ఎత్తేశారు, కానీ అప్పటికే పోటీ దాటిపోయింది. ఆడటానికి వెళ్లిన అమ్మాయిలు బూట్లు కట్టకుండానే తిరిగొచ్చారు. లీగ్ నాణ్యత దాన్ని నడిపే ఆఫీసు నాణ్యతని మించదని అప్పుడు అర్థమైంది.

2023లో సంఘం ఒక నిర్ణయం ప్రకటించింది. 2024-25 నుంచి పై లీగ్‌లో ప్రతి క్లబ్ కనీసం పదిమంది భారతీయ క్రీడాకారిణులకి ఏడాదికి 3.2 లక్షలకి తగ్గకుండా కాంట్రాక్టు ఇవ్వాలి. నెలకి 26,600 చిల్లర. ఈ అంకె చూడగానే నాకు క్యాంపస్ ప్లేస్‌మెంట్లు గుర్తొచ్చాయి. బస్సుల్లో వచ్చి వందలమందిని ఏరుకుపోయే కంపెనీలు ఫ్రెషర్లకి ఇచ్చే ప్యాకేజీ ఇంచుమించు అంతే. తేడా ఎక్కడంటే, ఆ ప్యాకేజీ మాలాంటి వాళ్లకి మొదటి మెట్టు. ఇక్కడ అది దేశంలో అత్యున్నత లీగ్‌లో ఆడే అమ్మాయికి హామీ ఉన్న కనీసం, అదీ జట్టులో పదిమందికి. మోకాలి లిగమెంట్ తెగితే ఏడాది ఇంట్లో కూర్చోవాలి. అయినా అసలు లేనిదానికన్నా ఇది మేలు. నేల అంటూ ఒకటి వేశారు.

ఆ ఎనిమిది జట్లలో బెంగాల్‌వి రెండు, ఒడిశావి రెండు, కేరళ, కర్ణాటక, తమిళనాడు, ఢిల్లీవి ఒక్కొక్కటి. తెలంగాణ నుంచి గానీ, ఆంధ్ర నుంచి గానీ ఒక్కటీ లేదు. రోవర్స్ కప్పుని 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఉన్న నేల ఇది. మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ని నాలుగో స్థానానికి చేర్చిన కోచ్ రహీమ్ సాబ్ ఇక్కడివాడు.

జట్టు లేకపోయినా మనిషి ఉంది. నిజామాబాద్ లంబాడీ తండా అమ్మాయి గుగులోత్ సౌమ్య. 2022లో మధ్యప్రదేశ్ అమ్మాయి జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియాలోని డినామో జాగ్రెబ్‌కి ఆడటానికి వెళ్లింది. తర్వాత 2024-25లో ఈస్ట్ బెంగాల్ లీగ్ గెలిచినప్పుడు ఆ జట్టులో ముఖ్యురాలు, ఆ ఏడాది జాతీయ సంఘం ఇచ్చే ఉత్తమ క్రీడాకారిణి అవార్డు ఆమెదే. నిజామాబాద్ నుంచి జాగ్రెబ్‌కి, జాగ్రెబ్ నుంచి కోల్‌కతాకి. ఈ ప్రయాణంలో సొంత రాష్ట్రంలో ఆగడానికి ఒక్క ప్రొఫెషనల్ క్లబ్ లేదు.

* * *

భద్రాచలం వచ్చే యాత్రికులకి ఒక పాత అనుభవం ఉంటుంది. టికెట్ మీద భద్రాచలం రోడ్ అని ఉంటుంది. దిగి చూస్తే అది కొత్తగూడెం. గుడి ఇంకా నలభై కిలోమీటర్లు, గోదావరికి అవతల. మన దేశంలో ‘జాతీయ’ అనే మాట ముందున్న చాలా పథకాలు, లీగులు ఇలా పేరులో ఊరు పెట్టుకుని నలభై కిలోమీటర్లు ఇవతలే ఆగుతాయి. మిగతా దూరం ఎవరి తిప్పలు వాళ్లవి.

ఆ దూరం దాటినవాళ్లు ఉన్నారు. భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష 2025 అండర్-19 టీ20 ప్రపంచ కప్‌లో స్కాట్లండ్ మీద 110 నాటౌట్ కొట్టింది, ఆ టోర్నీ చరిత్రలో అదే మొదటి సెంచరీ. మొత్తం 309 పరుగులు, ఫైనల్లో మూడు వికెట్లు, టోర్నీ ఉత్తమ క్రీడాకారిణి. ఆ ఆట కోసం కుటుంబం కుటుంబమే ఊరు విడిచి హైదరాబాద్ చేరింది. చర్ల మండలం నుంచి సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న మాలావత్ పూర్ణతో కలిసి ఎవరెస్ట్ ఎక్కాడు. అతని వెనకాల సాంఘిక సంక్షేమ గురుకులం, భువనగిరి గుట్ట మీద శిక్షణ ఉన్నాయి. ఒకరిని కుటుంబం మోసింది, ఇంకొకరిని వ్యవస్థ మోసింది. కుటుంబం మోయగలిగినవాళ్లు ఎప్పుడూ కొద్దిమందే. కోయ గూడెంలో పోడు చేసుకునే ఇల్లు హైదరాబాద్‌కి మకాం మార్చలేదు.

క్రికెట్‌కి కనీసం డబ్బు మెట్లు కనిపిస్తున్నాయి. 2023లో విమెన్స్ ప్రీమియర్ లీగ్ ఐదు జట్లని బోర్డు 4,669.99 కోట్లకి అమ్మింది. అందులో హైదరాబాద్ లేదు, అది వేరే బాధ. కానీ టీవీలో వేలం చూసిన నాన్న తన కూతురి బ్యాట్ వైపు ఇంకోలా చూస్తాడు. ఫుట్‌బాల్‌కి ఆ దృశ్యం లేదు. బ్యాట్, ప్యాడ్లు, నెట్లు అక్కర్లేని ఆట, ఒక బంతితో ఇరవై ఇద్దరు ఆడగలిగే ఆట. డబ్బు లేనిచోట మొదట నాటుకోవాల్సింది ఇదే.

నాటుకున్న చోట్లు ఉన్నాయి కూడా. జార్ఖండ్‌లో గుమ్లా, ఒడిశాలో సుందర్‌గఢ్. 2022లో మన దేశంలో జరిగిన అండర్-17 ప్రపంచ కప్‌లో భారత కెప్టెన్ అష్టమ్ ఉరావ్ గుమ్లా ఆదివాసీ అమ్మాయి. జాతీయ జట్టు ఫార్వర్డ్ ప్యారీ శాశా సుందర్‌గఢ్ నుంచి వచ్చింది. మ్యాప్ మీద చూస్తే అక్కడి సాల అడవులు బస్తర్ మీదుగా దిగి, సుక్మా, మల్కనగిరి దాటి, దుమ్ముగూడెం, చర్ల దగ్గర మన టేకు అడవుల్లో కలుస్తాయి. ఒకే అడవి, ఒకే రకం జీవితం. అడవి ఉత్తరపు చివర పిల్లలు ప్రపంచ కప్ ఆడుతున్నారు, దక్షిణపు చివర పిల్లలు ఏడాదికోసారి స్పోర్ట్స్ మీట్ ఆడి సర్టిఫికెట్ తెచ్చుకుంటున్నారు. ఒంట్లో సత్తువ తేడా కాదిది. అక్కడ ఊరూరా ఆడే అలవాటు ఏళ్లుగా ఉంది, ఆ పైన ప్రభుత్వ క్రీడా హాస్టళ్లు ఉన్నాయి, రాష్ట్ర స్థాయి పోటీలున్నాయి. ఇక్కడ ఆశ్రమ పాఠశాలలు ఉన్నాయి, ఐటీడీఏ ఉంది, పిల్లలున్నారు. వీటిని కలిపే క్యాలెండర్ లేదు.

మీట్‌కీ లీగ్‌కీ తేడా ఆ క్యాలెండరే. మీట్‌లో ఓడితే ఏడాది ఆగాలి. లీగ్‌లో ఓడితే వచ్చే ఆదివారం ఇంకో మ్యాచ్ ఉంటుంది. తప్పు దిద్దుకోడానికి వారం సమయం దొరుకుతుంది. గోల్‌కీపర్ ఎక్కడ నిలబడాలో ఒక మ్యాచ్‌తో రాదు, ముప్ఫై మ్యాచులతో వస్తుంది. ఉరావా అమ్మాయిలకీ ఒడిశా అమ్మాయిలకీ మధ్య ఉన్న ఆ పదిహేడు గోల్స్‌లో ఎక్కువ భాగం, పన్నెండేళ్ల వయసు నుంచి ఒకళ్లు ఆడిన, ఇంకొకళ్లు ఆడని మ్యాచుల సంఖ్యే అనుకుంటాను.

కాబట్టి నా ర్యాంకింగ్ అడిగితే, ఆట నాణ్యతలో ఇంగ్లండ్ మొదట, అమెరికా దాదాపు పక్కనే. నేల నాణ్యతలో అమెరికా మొదట, మార్కులు కొన్ని భద్రత దగ్గర కోసేసి. ఓర్పులో జపాన్. మన లీగ్‌ని ఈ వరసలో ఎక్కడ పెట్టాలన్న తొందర నాకు లేదు. దాని పైకప్పు గురించి మాట్లాడేవాళ్లు ఢిల్లీలో, కోల్‌కతాలో చాలామంది ఉన్నారు.

మన వైపు నుంచి అడగాల్సింది చిన్నది. భద్రాచలం ఐటీడీఏ కింద ఉన్న బాలికల ఆశ్రమ పాఠశాలల్లోంచి ఎనిమిదింటిని తీసుకుని, పదమూడేళ్ల లోపు పిల్లలకి జూలై నుంచి ఫిబ్రవరి దాకా ఆదివారం ఆదివారం మ్యాచులు. ఎనిమిది జట్లు, ఇంటా బయటా ఆడితే జట్టుకి 14 మ్యాచులు, సరిగ్గా ఐడబ్ల్యూఎల్ అంతే. కావాల్సింది బంతులు, బూట్లు, ఒక మినీ బస్సు, పీఈటీ మేడమ్‌లకి కోచింగ్ లైసెన్స్ ఫీజు, పిల్లల వెంట రాత్రి హాస్టల్‌కి చేరేదాకా ఉండే ఒక ఆయమ్మ. ఫైనల్ మాత్రం ప్రకాశం స్టేడియంలో పెట్టాలి. బాయి దిగి వచ్చిన కార్మికులు సాయంత్రం షిఫ్టు అయ్యాక చూడటానికి వీలుగా, నాలుగున్నరకి.